గుమెర్సిందోల విందు

కసిల్దా మొగుడికి గుమెర్సిందో అనే పేరు తప్ప వేరే ఆస్తి లేదు. స్పెయిన్‌లో బుర్గోస్ కొండల్లోని ఆ పల్లెలో హోటలు ఆమెది. ఆమె తండ్రి కట్టించింది. తెల్లారకముందే లేచి బట్టీ రాజేసేదీ, మాంసం కోసేదీ, గిన్నెలు కడిగేదీ ఆమే.

గుమెర్సిందో అనేది పాతకాలపు పేరు, ఇప్పుడెవరూ పిల్లలకు పెట్టుకోరు. చిన్నప్పుడు బళ్లో ఒక ఫాదిరీ, ఆ పేరుతో ఒక పునీతుడూ ఒక వేదాంతీ ఒక మంత్రీ ఉండేవారని చెప్పాడు. ఆ మాట చెవిన పడింది మొదలు ఇతని కాళ్లు నేలమీద ఆనలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేవాళ్లనైనా సహించవచ్చు. ఇక్కడ నేతులు తాగినవాళ్లు ఇతనికి తాతలైనా కారు.

కట్టెలు కొట్టమంటే, ఈ పేరున్నవాళ్లది బుర్రతో చేసే పని అనేవాడు.

"సరేలే సిందో, ఆ బుర్రేదో వచ్చేదాకా ఈ గొడ్డలి పట్టుకో" అనేది కసిల్దా.

అతను పట్టుకునేవాడు కాదు.

ఒక ఏడాది అతనికి గొప్ప ఆలోచన వచ్చింది. జనవరిలో పునీతుడి పండుగనాడు దేశంలోని గుమెర్సిందోలందరినీ తన ఊరికి రప్పించి విందు చేయాలి. పేపర్లో ప్రకటన వేయించాడు. వందమందికి తక్కువ రారనీ, గొర్రెపిల్లల్ని కాల్చి సిద్ధంగా ఉంచమనీ పెళ్లానికి చెప్పాడు. వాళ్ల భోజనం ఖర్చు ఎవరిదని ఆమె అడిగితే, చరిత్రకు ఖర్చు చూసుకోకూడదన్నాడు. పిలిచాక ఎవర్నీ ఆకలితో పంపడం ఆమెకు చేతకాదు. తిట్టుకుంటూనే బట్టీ నింపింది.

ఆ రోజు మంచు కురిసింది. వచ్చిన గుమెర్సిందోలు నలుగురు. చెవుడున్న శవపేటికల వ్యాపారి, బాతులు పెంచే రైతు, రిటైరైన బస్సు డ్రైవరు, తల్లి చంకనెక్కి వచ్చిన ఒక చంటివాడు.

గుమెర్సిందో మాత్రం వందమంది ఎదుట నిలబడ్డట్టే ఉపన్యాసం అందుకున్నాడు. పునీతుడి నుంచి మంత్రి దాకా వచ్చాడు. మంత్రి దగ్గర చంటివాడు ఏడుపు లంకించుకున్నాడు. బట్టీలోంచి వాసన ముంచుకొస్తుంటే బాతుల రైతు బహిరంగంగా గుటకలు మింగాడు.

"బాగుందయ్యా, వాళ్లంతా గొప్పవాళ్లే. ఇంతకీ తమరేం చేస్తుంటారు?" అని డ్రైవరు మర్యాదగానే అడిగాడు.

"మిమ్మల్నందర్నీ ఒకచోటికి తెచ్చాను కదా."

"నన్ను తెచ్చింది నా బండి" అని డ్రైవరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకైతే మా మేనమామ పేరు పెట్టింది మా అమ్మ. ఆయన గాడిదలు కాసేవాడు. తిందామా?"

విందుకొచ్చిన విలేకరి తీసిన ఫోటో మర్నాడు పేపర్లో పడింది. గుమెర్సిందో ఛాతీ విరుచుకుని మధ్యలో నిలబడ్డాడు. కింద మాత్రం అతని పేరు గౌదెన్సియో అని అచ్చువేశారు. అది చదివి అతను పైగదిలోకెళ్లి దుప్పటి ముసుగు పెట్టాడు. పత్రికవాళ్లు కుట్ర చేశారన్నాడు. కసిల్దా కాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. జాలి వస్తుందేమోనని కూడా చూసుకుంది. రాలేదు.

మిగిలిన మాంసం పాడుచేయడం ఇష్టంలేక ఊరందరినీ పిలిచి పెట్టేసింది. ఆ రుచి కబురు పక్క ఊళ్లకు పాకింది. పై ఏడు అదే రోజున, ప్రకటన ఏదీ లేకుండానే, బస్సు డ్రైవరు తన పాత స్నేహితుల్ని బండినిండా వేసుకొచ్చాడు. వాళ్లలో రకరకాల పేర్లవాళ్లున్నారు. ఎవరి భోజనం ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. కసిల్దా చాలాకాలానికి గట్టిగా నవ్వింది.

ఈసారి కూడా పైన అలిగి కూర్చున్న గుమెర్సిందో మధ్యాహ్నం దాకా బిగబట్టాడు. చివరికి ఆకలి దింపింది. బల్ల కొసన కూర్చున్నాడు. పక్కవాడు జరిగి చోటిచ్చాడేగాని నువ్వెవరని అడగలేదు. కడుపునిండా తిన్నాడు, రెండోసారి వడ్డించుకున్నాడు, ఉప్పు తక్కువైందని గొణిగి, ప్లేటు అక్కడే వదిలేసి పైకెళ్లిపోయాడు.