కుడి అంచున గంటు

మా ఆఫీసు పత్తర్‌గట్టి వెనుక గల్లీలో ఉండేది. పైన మా గది, కింద అద్దాల గోడ వెనుక కంప్యూటర్. మెట్లు దిగుతుంటే ఆ అద్దంలో నా ముఖమూ, దాని వెనుక తిరిగే టేపు చక్రాలూ కలిసి కనిపించేవి. లోపలికి ఆపరేటర్లకే అనుమతి. డెబ్బైల చివర్లో, ఉద్యోగంలో చేరిన ఆరేళ్లకు కూడా నేను ఆ గడప దాటలేదు.

నా పని కార్డులకు చిల్లులు కొట్టడం. స్టోర్సు నుంచి వచ్చే కాగితాల మీది విడిభాగాల నంబర్లు చూస్తూ మీటలు నొక్కితే, అట్టకార్డు మీద ఆయా చోట్ల చిల్లులు పడేవి. ఎదురుగా మరో మిషన్ మీద, అక్క అనే అర్థంలో అందరం ఆపా అని పిలిచే ఆవిడ కూర్చునేది. నాకంటే పదేళ్లు పెద్ద. ఇల్లు చార్మినార్ దగ్గరే. పొద్దున్నే గాజులు తీసి గోడకున్న మేకుకు తగిలించి, నేను కొట్టిన కార్డులనే తన మిషన్లో పెట్టి, అవే నంబర్లు మళ్లీ నొక్కేది. రెండూ సరిపోతే కార్డు కుడి అంచున చిన్న గంటు పడేది. సరిపోకపోతే ఎర్ర దీపం వెలిగి, తప్పున్న చోట పై అంచున గంటు పడేది. నా తప్పుల లెక్క సాయంత్రం ఆమే రిజిస్టర్లో రాసేది.

ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. తర్వాత చదివిందంతా మూసీ ఒడ్డున ఉన్న పెద్ద గ్రంథాలయంలోనే. శనివారం ఒంటిపూట ఆఫీసు కాగానే అక్కడికి నడిచేదాన్ని. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదివి, బొమ్మలు నోటుపుస్తకంలో దించుకునేదాన్ని. యంత్రం జ్ఞాపకమంటే ఆవగింజలంత ఉంగరాలను సన్నని తీగలకు గుచ్చిన వల అనీ, ఒక్కో ఉంగరం ఒక దిక్కుకు అయస్కాంతమైతే ఒకటి, రెండో దిక్కుకైతే సున్నా అనీ తెలిసిన రోజున బహదూర్‌పురాలోని మా ఇంటి దాకా బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. అద్దాల గదిలో తిరిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

కింద ఏం జరుగుతుందని ఆపా ఒకసారి అడిగింది. చిల్లున్న చోట కరెంటు పారుతుందని, లేనిచోట ఆగుతుందని చెప్పాను. యంత్రం ఆ తేడాను పట్టుకుని లోపలికి తీసుకుంటుంది, గుర్తుపెట్టుకుంటుంది, లెక్క కడుతుంది, చివరికి కాగితం మీద అచ్చు వేసి బయటికిస్తుంది. ఆమె శ్రద్ధగా విని, "మరి మనం గందుల యాడున్నం?" అంది.

"మనం బయటున్నం ఆపా."

ఆ ఏడాదే కింద ఒక కొత్త ఆపరేటర్ ఉద్యోగం పడింది. ఊరికి అవతల ఉన్న మా ఇంకో ఆఫీసుకు టెలిఫోన్ తీగ ద్వారా ఈ యంత్రాన్ని కలపబోతున్నారు. ఆ తీగ పని కూడా కొత్త మనిషి చూసుకోవాలి. ఇప్పటికే మా ఆఫీసులో పనిచేసేవాళ్లకే పరీక్ష. దాని కోసం తీగల మీద ఉన్న పుస్తకం మూడుసార్లు చదివాను. ఒకట్లనూ సున్నాలనూ శబ్దాలుగా మార్చి ఫోను తీగ మీదికి వదలడానికి ఒక పెట్టె ఉంటుంది. అవతల అలాంటిదే మరో పెట్టె వాటిని తిరిగి ఒకట్లు, సున్నాలుగా మారుస్తుంది. దారిలో గరగరమని ఏదైనా చెడిపోవచ్చు కాబట్టి, ప్రతి అక్షరంతో పాటు సరిచూసుకునే గుర్తొకటి పంపుతారు. అది కుదరకపోతే అవతలి యంత్రం మళ్లీ పంపమని అడుగుతుంది.

దరఖాస్తు మీద మా సూపర్‌వైజర్ సంతకం కావాలి. ఆయన కాగితం చదివి, మడిచి నాకే ఇచ్చేశారు.

"నువ్వు కిందికి పోతే గీ గది నడుస్తదా అమ్మా? నీ లెక్క కొట్టేటోళ్లు ఇంకొకలు లేరు."

ఆయన మెచ్చుకున్నారు, నేను దండం పెట్టి వచ్చి కూర్చున్నాను. అంతకుముందు ఏడాది చేయి తిరగని ఇద్దరిని నా కళ్లముందే కిందికి పంపారు. వాళ్లను ఆపాలన్న తలంపు ఎవరికీ రాలేదు.

పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా నెలాఖరుకు పైఅధికారులకు వెళ్లాలి. రెండు వారాలుంది. మర్నాటి నుంచి తప్పులు కొట్టడం మొదలుపెట్టాను. మూడు ఉన్నచోట ఎనిమిది, ఒకటి ఉన్నచోట ఏడు. సులువేం కాదు, వేళ్లు మొరాయించేవి. ఆపా మిషన్ మీద ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా తలెత్తకుండా లెక్కపెట్టుకునేదాన్ని. ఇక సూపర్‌వైజర్ పిలుస్తారు, చేయి పాడైందంటారు, పోనీలే అని సంతకం పెడతారు. రోజూ ఎదురుచూశాను. ఆయన పిలవలేదు.

నెలాఖరున జాబితా గోడకు అంటించారు. అందులో నా పేరు లేదు. రిజిస్టర్ తెరిచి చూస్తే రెండు వారాల పొడుగునా నా పేరు ఎదురుగా ఆపా గుండ్రని చేతిరాతలో సున్నాలే ఉన్నాయి. ఆమె బల్ల సొరుగు తెరిచి చూస్తే పై అంచున గంటు పడ్డ నా కార్డులు రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. ఇవేంటంటే ఆమే చెప్పింది: అందరం అన్నానికి లేచినప్పుడు నా మిషన్ మీద కూర్చుని వాటికి బదులు కొత్తవి కొట్టిందట, మళ్లీ సరిచూసి కట్టలో కలిపేసిందట.

ఎందుకు చేశావని అడిగాను. గొంతు లేచింది కాబోలు, అటు తిరిగి కూర్చున్నవాళ్లు కూడా పని ఆపి చూశారు.

"నీకు తబియత్ బాగలేదనుకున్న చెల్లె. లేకుంటె ఇంట్ల ఏమన్న ఫికర్ ఉందనుకున్న. అడిగితె ఏడుస్తవని అడగలే."

నేను కావాలనే కొట్టానని చెప్పాను. ఆమె మేకుకున్న గాజుల వైపు చూసింది. తర్వాత, "నాకొక్క మాట జెప్తె అయిపోతుండె గదా," అని మెల్లగా అంది. "రేపటి సంది ఉన్నదున్నట్టు రాస్త. మళ్ల జాబితా వస్తది. నువ్వు కొట్టు."

అవతలి యంత్రానికి తప్పు కనబడితే పంపినవాళ్లనే అడుగుతుందని పుస్తకంలో ఉంది. అడగకుండా తామే దిద్దేసేవాళ్ల సంగతి లేదు.

రాత్రి పడుకుని ఆలోచించాను. రేపు రిజిస్టర్లో ఒక్కసారిగా తప్పులు కనిపిస్తే సూపర్‌వైజర్ వెనక్కి తిరగేస్తారు. పాత కట్టలు తీయిస్తారు, ఖర్చయిన ఖాళీ కార్డుల లెక్క చూస్తారు. అప్పుడు నా తప్పులకంటే ముందు ఆమె రాసిన సున్నాలు బయటపడతాయి. ఉద్యోగం పోతే ఆమెది పోతుంది.

మర్నాడు ఆపా గాజులు మేకుకు తగిలించి, పెన్సిలు చెక్కి రిజిస్టర్ పక్కన పెట్టుకుంది. నా వైపు చూసి, కానియ్యి అన్నట్టు తల ఊపింది. నేను మొదటి కాగితం ముందు పెట్టుకుని మీటలు నొక్కాను. మూడు ఉన్నచోట మూడు, ఒకటి ఉన్నచోట ఒకటి. ఆమె మిషన్లోంచి కార్డులు ఒకదాని వెనుక ఒకటి కుడి అంచున గంటుతో వచ్చి పడ్డాయి. ఎర్ర దీపం సాయంత్రం దాకా వెలగలేదు. రిజిస్టర్ మూసేముందు ఆమె నన్నేమీ అడగలేదు, సున్నా రాసింది.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం, ఆ పరీక్ష నెగ్గిన కొత్త ఆపరేటర్ కింద అవతలి ఆఫీసును పిలుస్తున్నాడు. మెట్లు దిగుతూ కాసేపు అద్దం దగ్గర నిలబడ్డాను. ఒకట్లనూ సున్నాలనూ తీగ మీదికి వదిలే ఆ పెట్టె కూత అద్దంలోంచి సన్నగా వినిపించింది.