టెంక ముదిరాకే ప్రయాణం

కొత్త సూట్‌కేసు జిప్పు లాగగానే గుప్పున వచ్చే ఆ రబ్బరు వాసన ఉంది చూశారూ, ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన వాసన అదే. విశాఖపట్నంలో నేను అద్దెకుంటున్న గదిలో, మంచం పక్కనే దాన్ని నిలబెట్టాను. ఆఫీసు నుంచి రాగానే ఒకసారి తెరిచి, ఏమీ లేని లోపలికి కాసేపు చూసి, మళ్ళీ మూసేస్తాను. కనబడిన వాళ్ళందరికీ చెప్పేశాను, మీకూ చెప్పేస్తున్నాను: మేం అండమాన్ వెళుతున్నాం! అమ్మ, అయ్య, చెల్లి, నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే, నెల జీతం తెచ్చిన మొదటి మనిషినీ నేనే. పనికోసమో ఆసుపత్రికోసమో కాకుండా, ఊరికే చూసి రావడానికి ఊరు దాటడం మా నలుగురికీ ఇదే మొదలు.

పోర్ట్‌బ్లెయిరే ఎందుకంటే, అక్కడ చలి ఉండదు. మాది జి.మాడుగుల దాటి ఇంకా పైకి ఎక్కే కొండ ఊరు. నా చిన్నప్పుడు పుష్యమాసంలో తెల్లారి లేచేసరికి మంచు గడప దాటి ఇంట్లోకి వచ్చేసేది. పొయ్యి పక్క వెచ్చటి బూడిదలో కాళ్ళు దూర్చి, వేడి చోడంబలి (రాగి అంబలి) గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, తాగేస్తే ఆ వేడి అయిపోతుందని తాగకుండా కూర్చునేవాళ్ళం. గోనెసంచి తలమీంచి కప్పుకుని, కళ్ళాల్లో ఆరబోసిన కాఫీ గింజల పులిసిన వాసన పీలుస్తూ, బడికి నడిచే దారిలో చెల్లీ నేనూ ‘చలిలేని ఊరు’ ఆట ఆడేవాళ్ళం. ఒకరి తర్వాత ఒకరం చెప్పాలి, చెప్పలేనివాళ్ళు ఓడిపోయినట్టు. ఆ ఊళ్ళో అందరూ ఆరుబయటే పడుకుంటారు. సాయంత్రమైతే వీధి పొడుగునా దీపాలే. పుష్యమాసంలో కూడా ఐసు తింటారు. చెల్లి ఎప్పుడూ ఐసు దగ్గరే ఆగిపోయేది. కాలేజీ హాస్టల్‌లో నా పక్క మంచం పిల్ల పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న వాళ్ళ చిన్నాన్న ఇంటి గురించి చెబుతూ, రాత్రి పదింటికి కూడా కళకళలాడే బజారు గురించి, సముద్రపు గట్టు మీద ఐసు బళ్ళ గురించి, దారి పొడుగునా వినపడే తెలుగు గురించి మాట్లాడుతుంటే, ఇది మా ఆటలో ఊరే కదా అనిపించింది. ఆ రోజే అనుకున్నాను, ఉద్యోగం వస్తే అందరినీ తీసుకెళ్ళాలని.

చలి తగ్గి మామిడి పిందె కట్టే రోజులొస్తే పిల్లలమైన మాకు అసలు పరీక్ష మొదలయ్యేది. మా కొండల్లో ఏ పంటైనా, ఏ కాయైనా ‘కొత్త’ పండగ చేసి, దేవతకూ పోయిన పెద్దలకూ పెట్టకుండా ఎవరూ నోట పెట్టకూడదు. చిక్కుళ్ళకో కొత్త, సామలకో కొత్త, అన్నిటికన్నా పెద్దది మామిడికొత్త. ఆ రోజు ఏ క్యాలెండర్‌లోనూ ఉండదు. ముహూర్తం చెప్పే దిసారి, ఊరి పెద్దలు కలిసి చెట్ల కిందికి వెళ్ళి, చెట్టుకో కాయ కోసి, కత్తితో నరికి చూసేవారు. లోపల టెంక ముదిరి కత్తికి అడ్డం తగిలితేనే రోజు పెట్టేవారు. అప్పటిదాకా గాలికి రాలిన పిందెలు మాకు ఆటబొమ్మలే. నాలుగు పుల్లలు గుచ్చి ఎద్దుల్ని చేసి, మట్టిలో దున్నించి, ఆ పుల్లటి వాసన వేళ్ళకంటితే నాకకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాళ్ళం. పండగనాడు అడ్డాకుల్లో వేడన్నం, బెల్లం, మామిడి ముక్కలు పెట్టి, డప్పుల మోతలో పెద్దవాళ్ళు థింసా ఆడుతుంటే, మొదటి ముక్క నాలిక మీద పడ్డప్పుడు ఒళ్ళంతా జలదరించేది. అన్ని రోజులు ఆగిన పులుపు అది.

ఎనిమిదేళ్ళప్పుడు ఒకసారి నేను ఆగలేకపోయాను. గొడ్ల సాల వెనక కూర్చుని ఒక్క కొరుకు కొరికాను, అంతే. మర్నాటికి సొన తగిలిన చోట మూతి పక్కన పొక్కిపోయింది. అమ్మ గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసింది. వీపు పగులుతుందనుకున్నాను. మా మామ్మ, అంటే అయ్యకు అమ్మ, ఆ ఏడాదే పోయింది.

“మీ మామ్మ ఇంకా తిననేదే గుంటా. ఆవిడకి ఎంగిలెడతావేటి?” అంది అమ్మ, మెల్లగా.

కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. ఆ ఏడు కొత్తలో మామ్మ పేరున వేసిన ఆకులో ముక్కలు నాచేతే పెట్టించింది.

ఇంత తెలిసినదాన్ని, టికెట్లు తీసేటప్పుడు మాత్రం పోయినేడు కొత్త జరిగిన తేదీ చూసుకుని, దాని తర్వాత వారానికి తీసేశాను! హాస్టళ్ళలో పెరిగితే ఇంతే, ప్రతిదానికీ తేదీ ఉంటుందనుకుంటాం. ఈ ఏడు పూతే ఆలస్యమైంది. ఫోన్లో చెప్పగానే అమ్మ తేల్చేసింది. “కొత్త అవకుండా నేను ఊరు దాటను. మీ మామ్మకి ఎవులెడతారు? మీరెల్లి రండే.”

అమ్మ లేకుండా వెళ్ళడానికా ఇంతా? ఆదివారం బస్సెక్కి ఊరెళ్ళాను. నేను చెప్పులు విప్పకముందే అయ్య ఎదురొచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. “పెద్దలొప్పేసుకున్నారే! మన గుంట ఉజ్జోగం సేత్తంది గదా, కొత్త బేగి ముందుకి లాగేద్దారన్నారు. దిసారి కూడా ఊఁ అన్నాడు.”

ఎగిరి గంతేశాను. నాకోసం ఊరు పండగనే ముందుకు జరుపుతోంది! చెల్లికి చెబుదామని పెరట్లోకి పరిగెత్తాను. అమ్మ అక్కడ అంట్లు తోముతోంది, తలెత్తలేదు. పైన మా చెట్టు కాయలు వేలాడుతున్నాయి. ఎందుకో ఒకటి కోసి, కత్తిపీట మీద పెట్టి నొక్కాను. కత్తి ఎక్కడా ఆగకుండా దిగిపోయింది. లోపల పాలలాంటి తెల్లటి జీడి, ఇంకా వణుకుతున్నట్టుంది. రెండు చెక్కలూ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఊరంతా నాకోసం దీన్ని మామ్మ ఆకులో పెడుతుందన్నమాట.

“అయ్యా, కొత్త ముందుకు జరపొద్దని చెప్పు. నేనే తేదీ మార్చుకుంటాను,” అన్నాను.

అయ్య చిన్నబుచ్చుకున్నాడు. నిజానికి మార్చడం నాకూ తేలిక కాదు. సెలవు మళ్ళీ దొరకాలి, పైగా వైశాఖం దాటితే అక్కడ వానలు మొదలైపోతాయట, అలలు ఎక్కువైతే చిన్న దీవులకు పడవలు కట్టరట. మర్నాడు ఆఫీసులో మేడమ్ అడిగింది, ఆ పండగ ఏ తేదీన అని. “టెంక ముదిరాక, మేడమ్,” అన్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ, చివరికి నా సెలవు కాగితంలో తేదీ ఉండాల్సిన గడిలో పెన్సిల్‌తో చిన్న మామిడికాయ గీసింది. సెలవిచ్చినట్టే. వానల సంగతి అమ్మకు చెబితే, “వానైతే ఏటి? మనం ఉప్పుబొమ్మలమేటి కరిగిపోడానికి?” అంది. ఇన్నాళ్ళలో ఆ ప్రయాణానికి ‘మనం’ అనడం అదే మొదటిసారి.

ఇప్పుడు మా వైపు ఇలా ఆగడం తగ్గిపోయింది. లంబసింగి దారిలో టూరిస్టుల కోసం పిందె కట్టీ కట్టకముందే ఉప్పూకారం చల్లి అమ్ముతున్నారు. పిల్లలు పుల్లల ఎద్దుల్ని చేయడం నేను చూసి చాలా ఏళ్ళయింది. కత్తి పట్టుకుని చెట్టు చెట్టుకూ తిరిగిన పెద్దల్లో ఇద్దరే మిగిలారు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. చీరలు ఎన్ని సర్దాలో అడుగుతుందనుకున్నాను. “ఒలే, ఆ ఊరోళ్ళ కొత్త ఎప్పుడో కనుక్కో. ఆళ్ళ పెద్దలు తినకుండా ఆళ్ళ కొబ్బరికాయలూ, పళ్ళూ మనం తినేత్తే తప్పు గదా?”

నాకు నవ్వొచ్చింది, కానీ ఫోన్ చేసి కనుక్కున్నాను. మేం దిగబోయే లాడ్జి యజమానురాలిది శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళిన కుటుంబం. ప్రశ్న అర్థమయ్యేదాకా రెండుసార్లు చెప్పించుకుంది.

“మా నాయనమ్మ ఏదో ఆకులో పెట్టేదమ్మా,” అంది. “ఏ కాయో, ఎప్పుడో... ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురండి.”