జావా కంఠతా పట్టిన రోజులు

నాకు నోరిచ్చి, ఆ నోటిని ఇంతకాలం ఓర్చుకున్న దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప లేకుంటే ఈ పాటికి ప్రొద్దుటూరులో కుట్టుమిషను ముందు కూర్చుని కాలర్లు తిప్పుతూ ఉండేవాణ్ణి (అది తక్కువ పనని కాదు, మా నాయన చేసే పని అదే. నా చేతికి రాలేదు, అంతే).

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ అయిపోయి ఏం చేయాలో తోచని రోజుల్లో, నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, కంఠతా పట్టడం. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే బహుమతిగా ఇచ్చే స్టీలు గిన్నె మా ఇంటికే వచ్చేది. అమ్మ ఆ గిన్నెల్లోనే చారు కాచేది. నాయనకు మాత్రం గిన్నెల మీద నమ్మకం పోయింది. "ఈస్టరు దాకా చూస్తాన్రా. అప్పటికి ఉద్యోగం రాకపోతే వచ్చి మిషను మీద కూర్చో" అని గడువు పెట్టాడు.

కంప్యూటరు నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమని అందరూ అన్నారు. ఏ లాంగ్వేజి నేర్చుకోవాలన్న దగ్గరే చిక్కు. ప్రొద్దుటూరు కంప్యూటర్ సెంటరు మాస్టరు సీ అన్నాడు. మా సంఘంలో కీబోర్డు వాయించే అన్న "పైథాన్ నేర్చుకోప్పా, శానా సులువు" అన్నాడు. జమ్మలమడుగులో ఉండే బావ "ఉద్యోగాలన్నీ జావాలోనే ఉండాయి" అని తేల్చాడు. మూడింటినీ తలా వారం పరిశీలించాను. సీ ధర్మశాస్త్రం లాంటిది, ఒక్క సెమికోలన్ మరిచినా క్షమాపణ లేదు. జావా బైబిల్లోని ప్రత్యక్ష గుడారం, లోపలికెళ్లి ఒక్క మాట అనడానికి ముందు ఎన్ని కొలతలు, ఎన్ని తెరలు. పైథాన్ కృపాకాలం, ఒక్క లైనుతో పని అయిపోతుంది, కానీ నాలుగు ఖాళీలు వదలాల్సిన చోట మూడు వదిలితే అక్కడా మొట్టికాయే. దారి చూపమని ప్రార్థించాను. మరునాడే బావ జావా జిరాక్సు కట్టతో మా గడపలో నిలబడ్డాడు. అదే జవాబనుకున్నాను (ఆయన నిజానికి ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చాడని తర్వాత తెలిసింది).

ఫోనులో వీడియోలు కూడా చూశాను. అందులో పాఠం చెప్పే ఆయన ఇంగ్లీషు ఎంత వేగమంటే, మొదటి వాక్యం నాకు అర్థమయ్యేలోపు సెలవు తీసుకునేవాడు. అందుకని జిరాక్సునే నమ్ముకున్నాను. మాస్టరు దగ్గరి కంప్యూటర్లలో సీ తప్ప ఇంకేమీ లేదు గనుక జావా అంతా కాగితం మీదే నేర్చాను. పొద్దున కుటుంబ ప్రార్థన కాగానే మిద్దె మీద తిరుగుతూ బ్రాకెట్లతో సహా నలభై పేజీలు వల్లించేశాను.

పులివెందులలో అంగళ్లకు బిల్లుల ప్రోగ్రాములు చేసే చిన్న ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్లాను. కళ్లద్దాల సారు ఒకాయన "ఒకటి నుంచి పది దాకా అంకెలు వచ్చేట్టు చెయ్యప్పా" అన్నాడు. నేను లేచి చేతులు కట్టుకుని "ఇరవయ్యేడో పేజీ సార్" అని మొదలుపెట్టాను. మధ్యలో "ఈడ జిరాక్సు పడలేదు సార్, మళ్ల కింద లైను" అని ఆగకుండా ముగించాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బాగుంది. ఇప్పుడు పది నుంచి ఒకటికి రావాల."

ఇరవయ్యెనిమిది, ఇరవయ్యొమ్మిది పేజీలు మనసులో తిరగేశాను. "అది జిరాక్సులో లేదు సార్."

పక్క టేబులు దగ్గరి అమ్మాయి మానిటరు వెనక్కి తల దించేసింది. సారు నవ్వలేదు. "మట్టల ఆదివారం మరుసటి దినం రా. కాగితాలు ఇంట్లో పెట్టి రా" అన్నాడు.

బస్సు ముద్దనూరు దాటేదాకా తలెత్తలేదు. ఈస్టరు గడువు మూడు వారాలే ఉంది, మట్టల ఆదివారం దానికీ వారం ముందే. జరిగింది చెబితే నాయన గుడ్డ కత్తిరిస్తూనే అడిగాడు.

"కొలతలన్నీ నోటికొచ్చినాయి, సరే. గుడ్డ కత్తిరించినావా?"

"లేదు నాయనా. పాడవుతుందేమోనని."

"పాడు చేయకుండా నాకు యాడొచ్చిందిరా కుట్టు? మీ యమ్మ రవికెలే మూడు పాడు చేసినా. పో, పోయి మీ బావ కంప్యూటరు పాడు చెయ్."

జమ్మలమడుగు వెళ్లి బావ కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏది మార్చినా తెరంతా ఎర్రటి తప్పులు. మొదటి రెండు రోజులు వాటిని చూసి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. మూడో రోజు కళ్లు తెరిచి చదివాను. ఏ లైనులో తప్పిందో నంబరుతో సహా చెబుతోంది (మా అయ్యగారి ప్రసంగం కూడా అంత సూటిగా ఉండదు). జిరాక్సు కన్నా వీడియో కన్నా మంచి గురువు అదే. వాక్యం విని ఊరుకోవద్దు, చేయండి అని అయ్యగారు ఎన్ని ఆదివారాలు చెప్పారు. ఆ మాటనూ నేను కంఠతా పట్టాను, అంతే.

ఆ సోమవారం సారు ముందు పది నుంచి ఒకటికి వచ్చాను. "ఏడు దగ్గర ఆపు" అన్నాడు. మూడుసార్లు తప్పి, నాలుగోసారి ఆపాను.

"మూడు తప్పులు చేసినావు" అన్నాడు సారు. "పర్వాలేదులే, నీ సొంతవే. పండగ కాగానే పనిలోకి రా."

ఇప్పుడు సంఘంలో పిల్లలు నా దగ్గరికి వస్తారు. "అన్నా, యా లాంగ్వేజి మంచిది? యాడ నేర్చుకోవాల?" అంటారు. ఏదైనా సరే, ముందు పాడు చేయండి అని పెద్దమనిషిలా చెబుతాను. మొన్న ఆరాధన అయ్యాక ఒక పాప జావా గురించి అడిగింది. నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి, ఇరవయ్యేడో పేజీ మొత్తం బయటికొచ్చింది, జిరాక్సు పడని చోటుతో సహా. పాప నవ్వలేదు. బుద్ధిగా నోటుబుక్కులో రాసుకుంది.

అందుకే అడుగుతున్నాను, చదువుతున్న మీరు కూడా నాతో పాటు ఒక్క నిమిషం తల వంచండి. ప్రభువా, ఈ బిడ్డకు మంచి జ్ఞాపకశక్తినివ్వు, మరీ ఎక్కువ వద్దు. పాడు చేసే ధైర్యమివ్వు. పాడు చేసుకోవడానికి ఒక బావ కంప్యూటరు కూడా చూపించు. ఆమేన్.