చప్పుడు లేని కీబోర్డు

మా చిన్నాయన ఏ వస్తువు కొన్నా చెవి దగ్గర పెట్టి చూసేవాడు. ఏళ్లుగా పనిచేసిన నార్పోలి మరమగ్గాల కార్ఖానా హోరులో కూడా మగ్గం చప్పుడును బట్టే పోగు తెగిందని చెప్పగలనని ఆయన గర్వం.

నేను మొదటి మెకానికల్ కీబోర్డు కొనబోతే వెంట వచ్చాడు. రాత్రిపాళీ చేసి పగలు నా పక్కనే చాప మీద పడుకునే మనిషి, అందుకే చప్పుడు చేయనిది వెతికాం. కొట్టువాడు మీటల కింద ఉండే స్విచ్‌లు మూడు రకాలు చూపించాడు. ఎర్రది మెత్తగా దిగింది. గోధుమరంగుది వేలికి కాస్త తగిలింది. నీలిది కొట్టంతా వినపడేలా టకటకలాడింది. చిన్నాయన మూడింటి మీదా వంగి చెవి పెట్టాడు.

"గీ నీలిది తీస్కో బిడ్డా. జరంత సుత సప్పుడు లేదు."

కొట్టువాడు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన మాట తీసేయలేక నీలిదే కొన్నాను. అది ఎంత మోగినా పక్కనే హాయిగా నిద్రపోయేవాడు.

చిన్నాయన చనిపోయాక ఆ చాప ఖాళీగా ఉంది. ఇప్పుడు మీటలు మెల్లగా నొక్కుతున్నాను.