ఏ అంటే పదిహేడు

హోసూరు బస్టాండు వెనక కోచింగ్ సెంటర్‌లో సి లాంగ్వేజి చెప్పే ఉపేంద్ర ఎవరి తప్పునూ వెంటనే దిద్దడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని వాళ్ల కుర్చీ వెనక నిలబడతాడు. తప్పున్న లైను కనబడగానే నాలుకతో పన్ను తడుముకుంటాడు. ఆ తప్పుకు క్లాసంతా నవ్వే రోజు కోసం ఓపిగ్గా కాచుకుంటాడు.

కెలమంగలం నుంచి వచ్చే సుధామణి పగలు ఫ్యాక్టరీలో బోల్టులు బిగిస్తుంది. అక్కడే ఆఫీసు ఉద్యోగానికి టెస్టు పెడుతున్నారని, హెక్సాడెసిమల్ సంఖ్యలను క్యారెక్టర్ అరేలలో, అంటే ఒక్కో గుర్తుకు ఒక్కో గడిగా, పెట్టి కూడే ప్రోగ్రామ్ రాసుకొచ్చింది. "చూడండి సార్, ఆన్సర్ సరిగ్గా వస్తా ఉంది," అంది. ఆమె వేసి చూసినవన్నీ ఉత్త అంకెలే. ఆ పద్ధతిలో పదిని ఏ అని, పదకొండును బీ అని అక్షరాలతో రాస్తారు. ఆమె అక్షరాన్నీ అంకెలాగే మార్చింది. కంప్యూటరు వరుసలో తొమ్మిదికీ ఏకీ మధ్య వేరే గుర్తులు ఏడుంటాయి, దాంతో పది కావలసిన ఏ పదిహేడవుతుంది. ఉపేంద్రకు చూడగానే తెలిసింది. పన్ను తడుముకున్నాడు. "బాగుందమ్మా, ఆడ టెస్టులో కూడా ఇట్లే రాసేయి," అన్నాడు.

ఆమె టెస్టు తప్పింది. తరవాతి క్లాసులో ఆమె చేత అదే ప్రోగ్రామ్ బోర్డు మీద రాయించి, "ఏ అంటే పదిహేడంటప్పా!" అని అందరినీ నవ్వించాడు. నవ్వులు తగ్గేదాకా ఆగి సుధామణి అడిగింది. "మీరు ఆ పొద్దే చూసినారు కదా సార్?"

"చూసినాను. చెప్పింటే మర్చిపోతావు. ఇంక జన్మలో మర్చిపోవు."

ఆమె చేతిలోని చాక్‌పీసు తీసుకుని, ఉపేంద్ర సరైన లైను గుండ్రంగా రాశాడు. అందరూ నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. సుధామణి కూడా కూర్చుని ఎక్కించుకుంది.