అన్న పంచాడు, నేను ఏరుకున్నాను

మా వైపు ఆస్తి పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు ఏరుకోవాలి. తనకు ఏ భాగం మిగులుతుందో తెలియనివాడు ఎక్కువ తక్కువలు చేయడని నమ్మకం. నాన్న పోయాక రాజురా దగ్గర మా చేనునూ అలాగే పంచుకున్నాం.

అన్న హద్దు చూపిస్తే నాకు మతిపోయింది. ఒక వైపు బావి, నల్లరేగడి. రెండో వైపు గని మట్టిదిబ్బ పక్కన బొగ్గుదుమ్ము పడే, నీటి వసతి లేని మెట్ట చెలక.

“ఏందన్నా, గిట్ల పంచినవ్?” అన్నాను.

“పంచుడు నా పని. ఏరుకునుడు నీ పని” అన్నాడు తంబాకు నలుపుకుంటూ.

గని ఇటు పెరుగుతుందని, భూమి పోయిన ఇంటికి ఒక కొలువు ఇస్తారని ఊళ్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. విని విని నేను నమ్మడం మానేశాను. నా భార్య మోచేత్తో పొడిచింది. బావి వైపు అన్నాను.

కొన్నేళ్లకు గని నిజంగానే వచ్చింది. చెలక పోయింది, అన్న కొడుక్కి కొలువు వచ్చింది. డిగ్రీ చదివిన నా బిడ్డ ఇంట్లో కూర్చుంది. నాకు కడుపు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు. నా నోటితో నేనే కదా అడిగింది.

“ఏరుకున్నది నువ్వేనాయె, ఇప్పుడు ఏడుపెందుకు?” అంది నా భార్య. మోచేత్తో పొడిచిన సంగతి ఆమెకు గుర్తు లేదు.

దున్నడానికి చేను లేని అన్న రోజూ పొద్దున్నే మా బావి దగ్గరికి వస్తాడు. అడగకుండానే మోటారు వేసి నా పత్తికి నీళ్లు పెడతాడు. పాపభీతా, ప్రేమా? నా బుర్రకు అందలేదు. మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

“అన్నా, నిజం చెప్పు. గని వస్తదని నీకు ముందే ఎరుకనా?”

ఆయన పారకు అంటిన బురద గీకాడు.

“నాకేం ఎరుకరా. బిడ్డ కొలువు కోసమని నువ్వు చెలకనే అడుగుతవనుకున్న. నాయినతోని కల్సి ఈ బాయి తవ్విన. ఇది నాకు మిగులుతదనుకున్న.”

బావి కావాలని ఒక్క మాట అంటే ఇచ్చేసేవాడిని కదా. అన్నతో ఆ మాటే అన్నాను.

“పంచేటోడు అడుగొద్దు గదరా” అన్నాడు, నీళ్లు పక్క సాలుకు మళ్లిస్తూ.