కంచరగాడిదకు కంబళి, నాకు డ్యూటీ

ఆ రోజు పొద్దున కంచరగాడిద మీద జీను బిగిస్తున్నాను. కడుపు కింది పట్టీని గట్టిగా లాగేసరికి దగ్గు వచ్చింది. దగ్గు నాకు కొత్త కాదు. వానలు మొదలైనప్పటి నుంచి సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా చెమటతో తడిసి ఉండేది. కానీ ఆ పొద్దున దగ్గి మూతి తుడుచుకుంటే ఖాకీ చొక్కా చేతి మీద ఎర్రటి చార పడింది. నాకు పాన్ తినే అలవాటు లేదు.

పక్కన ఇంకో జంతువుకు జీను వేస్తున్న జంగయ్య చేతిలో పని ఆపి చూశాడు.

"ఏందే యాదన్నా అది? నెత్తురా?"

"పండ్లకెల్లి వచ్చి ఉంటది తియ్యి."

"పండ్లకెల్లి గట్ల రాదు. సిక్ పరేడ్‌కు పో. నీ జంతువును నేను జూసుకుంట."

అది పోలీసు చర్యకు ముందటి ఏడు. మాది కట్టంగూర్ దగ్గరి పల్లె, గొర్రెలు కాసే ఇల్లు. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో నిజాం ఫౌజులో చేరాను. జంగయ్యది కల్వకుర్తి వైపు. మా చేతికి తుపాకులిచ్చే నమ్మకం పైవాళ్లకు లేదు, అందుకని తాళ్లిచ్చారు. కంచరగాడిదల మీద తిండిగింజలు, గుడారాలు, తూటాల పెట్టెలు వేసి, ఊళ్లలో పెట్టిన క్యాంపులకు చేరవేయడం మా పని. మేమిద్దరం ఒకే గుడారంలో పడుకునేవాళ్లం.

సిక్ పరేడ్‌కు, అంటే జబ్బు సిపాయిలు డాక్టరు ముందు వరస కట్టే చోటికి, పోయాను. మా దళం డాక్టరు ఒక కెప్టెన్. బల్ల మీద చాయ్, చాయ్ పక్కన స్టెతస్కోప్. చాయ్ కప్పును ఎత్తాడు కానీ స్టెతస్కోప్‌ను ముట్టుకోలేదు.

"దగ్గుతుంటే నెత్తురు పడుతోంది సాబ్" అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే ఉర్దూలో అన్నాడు: ఊళ్లలో కమ్యూనిస్టుల ఫసాదు మొదలైంది, మీ తెలుగోళ్లందరికీ దగ్గు మొదలైంది. తర్వాత కాంపౌండర్ వైపు చూసి, "ఎం అండ్ డీ" అన్నాడు. అంటే మెడిసిన్ అండ్ డ్యూటీ. ఎర్రమందు ఇంత తాగు, పనిలోకి పో. ఆ మూడు ముక్కల్లో నా ఊపిరితిత్తుల సంగతి తేలిపోయింది. నేను మళ్లీ పోయాను, మళ్లీ అదే మాట. ఆపైన పోతే "కామ్‌చోర్", పనిదొంగ, అని అందరి ముందూ తిట్టి, నా వంతు బరువు పెంచాడు.

ఆ చలికాలంలో రాణి అనే కంచరగాడిదకు దగ్గు పట్టుకుంది. ముక్కు కారింది. పశువుల డాక్టరును ఫౌజులో సలోత్రి అనేవారు. ఆ సలోత్రి హైదరాబాదు నుంచి జీపులో వచ్చాడు. పక్కటెముకల మీద చెవి పెట్టి విన్నాడు, జ్వరం చూశాడు, కనురెప్ప తిప్పి చూశాడు. "దీన్ని మిగతావాటి నుంచి వేరుగా కట్టండి, అంటుకుంటుంది" అని హుకుం ఇచ్చాడు. రాణికి వేరే పాక వేశారు. కొత్త కంబళి కప్పారు. గోరువెచ్చని తవుడులో బెల్లం కలిపి పెట్టమన్నారు. ఆ తవుడు పెట్టే పని నాకు అప్పజెప్పారు. నేను దగ్గుతూ దానికి బెల్లం తినిపించాను.

"అన్నా, నువ్వు గూడ జర నాలుగు కాళ్ల మీద నిలవడి దగ్గు. సలోత్రి సాబ్ జూస్తడు" అన్నాడు జంగయ్య. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వుతుంటే అతనికీ దగ్గు వచ్చింది. పొడి దగ్గు. అదే మొదటిసారి వినడం.

రాణి నెల తిరిగేసరికి లేచి బరువులు మోసింది. నేను చిక్కి సగమయ్యాను. జంగయ్యకు కూడా సాయంత్రాలు జ్వరం మొదలైంది. అతనికీ ఎం అండ్ డీ.

మరుసటి ఏడు వానాకాలం చివర యూనియన్ సైన్యం బెజవాడ రోడ్డు మీదుగా వచ్చింది. మా ఫౌజు వారం తిరక్కుండానే ఆయుధాలు దించింది. మమ్మల్ని ఇళ్లకు పంపే ముందు మెడికల్ బోర్డు కూర్చుంది. కొత్త డాక్టరు ఒకాయన నా ఛాతీ మీద మొదటిసారి స్టెతస్కోప్ పెట్టాడు. ఆయన ముఖం మారింది. అయినా పక్కనున్నవాడితో చెప్పిన మాట ఇది: "నాట్ అట్రిబ్యూటబుల్ టు సర్వీస్." అర్థమేమిటని గుమాస్తాను అడిగాను. "ఈ బీమారి నీ ఇంటికెల్లి తెచ్చుకున్నవని" అన్నాడు. ఇల్లు వదిలిన నాడు నేను పొట్టేలును భుజాన వేసుకుని వాగు దాటిన మనిషిని.

ఊరికి వచ్చాను. నిజాం ఫౌజులో చేసి వచ్చినవాడని కొందరు పలకరించలేదు. దగ్గు విని మిగిలినవాళ్లు పలకరించలేదు. మా ఆవిడ మల్లమ్మ ఒక్కతే నా పళ్లెం, నా చెంబు వేరుగా పెట్టి, మేకపాలు కాచి, నా పక్కనే కూర్చునేది. నాటు మందులన్నీ అయ్యాక ఒకనాడు నన్ను లేపి, "నడువు, నల్లగొండ దవాఖానకు" అంది.

పోలీసు చర్య అయినా మా జిల్లాలో మిలిటరీ క్యాంపులు పోలేదు, కమ్యూనిస్టు దళాల కోసం వెతుకులాట ఆగలేదు. దారిలో బస్సును ఆపారు. గడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయిన నన్ను చూసి ఒక జవాను కిందికి దిగమన్నాడు. "కమ్యూనిస్ట్?" అని గద్దించాడు.

మల్లమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. "కమ్యూనిస్టు గాదయ్యా, రోగి. దగ్గు జూస్తవా? జర దగ్గయ్యా నువ్వు" అని నన్ను చూసింది. నేను దగ్గాను. జవాను రెండడుగులు వెనక్కి వేసి బస్సును పొమ్మన్నాడు. సర్కారు మనుషుల్లో నా దగ్గును మొదటిసారి నమ్మినవాడు అతనే.

దవాఖానలో కాంపౌండర్ మళ్లీ అదే ఎర్రమందు సీసా తీశాడు. మల్లమ్మ నేల మీద కూలబడింది.

"సీసాలు మస్తు తాగిండు. డాక్టర్ సాబ్ జూసేదాంక నేను ఈడికెల్లి లేవ."

"లైన్ ఆగుతాంది, లెవ్వమ్మా."

"ఆగనియ్యి. రెండేండ్లసంది ఈయన పానం ఆగి ఉన్నది."

డాక్టరు లోపలి నుంచి వచ్చాడు. నా ఛాతీ విన్నాడు. హైదరాబాదుకు ఎక్స్‌రేకు రాశాడు. స్పూటమ్, అంటే కఫం, పాజిటివ్. మేం తెచ్చిన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించి, "లెఫ్ట్ అప్పర్ లోబ్‌లో కేవిటీ, ఎడమ ఊపిరితిత్తి పైన గుంట. టీబీ. ఇంత ముదిరేదాకా ఏం చేశారు?" అని మమ్మల్నే కోప్పడ్డాడు. డ్యూటీ చేశానన్నాను.

శానటోరియంలో మంచం దొరకడానికి చాన్నాళ్లు పట్టింది. కొండ మీద పొడవాటి వరండా, రెండు వరసల మంచాలు. నన్ను పడుకోబెడుతుండగా అవతలి చివర నుంచి ఒక గొంతు వినిపించింది: "నెక్స్ట్! ఎం అండ్ డీ!" అచ్చం కెప్టెన్ గొంతు.  తిరిగి చూస్తే దుప్పటి కింద గుప్పెడు ఎముకలు. జంగయ్య. నవ్వుతున్నాడు.

వార్డు చూసే డాక్టరమ్మ మా ఇద్దరి చరిత్ర అడిగింది.

"ఒకే టెంట్లో పడుకునేవారా?"

"అవునమ్మా."

"నీకు రక్తం పడ్డాక కూడానా?"

"అవునమ్మా."

ఆమె కలానికి మూత పెట్టింది. "అప్పుడే నిన్ను వేరు చేయాల్సింది. ఇతనికి నీ కాంటాక్ట్ వల్ల వచ్చింది" అంది మెల్లగా.

"కంచరగాడిదను వేరు చేశారమ్మా" అన్నాను.

ఇప్పటికీ నా కోపమంతా అక్కడే ఉంది. జంగయ్యకు నా జబ్బు అంటింది. సలోత్రికి తెలిసిన ఆ చిన్న సంగతి మనుషుల డాక్టరుకు తెలియక కాదు. తెలిసీ, మేము ఆ జాగ్రత్తకు తగిన ప్రాణులం కామనుకున్నాడు.

నాకు ఏ.పీ. మొదలుపెట్టారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి, గాలి పంపి, జబ్బు ఊపిరితిత్తిని నొక్కి పడుకోబెట్టడం అన్నమాట. ఆ గాలి తగ్గినప్పుడల్లా రీఫిల్. "మనది సైకిల్ బతుకాయె అన్నా" అనేవాడు జంగయ్య. అతనికి మాత్రం సూది గుచ్చినా లాభం లేకపోయింది. "అడ్హీషన్స్ ఉన్నాయి, ఊపిరితిత్తి అతుక్కుపోయింది, గాలి ఎక్కదు" అంది డాక్టరమ్మ. స్ట్రెప్టోమైసిన్ అనే కొత్త మందు పేరు అందరి నోటా ఉండేది, ఎవరి చేతిలోనూ ఉండేది కాదు.

పడుకుని ఉన్నా జంగయ్య ఊరుకునేవాడు కాదు. కెప్టెన్ నడక, సుబేదారు తిట్లు, ఆయుధాలు దించిన నాడు మా పెద్ద అధికారి టోపీ కోసం వెతుక్కోవడం, అన్నీ మంచం మీది నుంచే చేసి చూపించేవాడు. అతనికి రాత రాదు. నాకు ఉర్దూ చదువు, ఊరి గ్రంథాలయంలో నేర్చిన తెలుగు ఉన్నాయి. ఒకనాడు పెన్సిల్ తీసి అతను చెప్పినవి రాయడం మొదలుపెట్టాను. అతను చెప్పడం, నేను మలచడం, సాయంత్రం వార్డుకు చదివి వినిపించడం. ఒకరోజు ఒక రోగి నవ్వీ నవ్వీ రక్తం కక్కుకున్నాడు. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"ఆబ్సల్యూట్ రెస్ట్ అంటే ఊపిరితిత్తులకు రెస్ట్. నవ్వు కూడా మానాలి!"

"ఏడ్వనీకి పర్మిషన్ ఉన్నదా అమ్మా?" అని అడిగాడు జంగయ్య.

ఆమె ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. అటుపైన వారానికి ఒక్కసారి, మెల్లగా చదవడానికి ఒప్పుకుంది.

వేసవిలో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, జంగయ్యకు పెద్ద హెమాప్టిసిస్, అంటే నెత్తురు కక్కుడు, వచ్చింది. బేసిన్ నిండింది. డాక్టరమ్మ ఇంజెక్షన్ తెచ్చేలోపే అయిపోయింది. అతని తల్లి జొన్నరొట్టెలు మూట కట్టుకుని మరునాడు వచ్చింది. "నా కొడుకు ఏ మంచంల ఉన్నడు నాయినా?" అని నన్నే అడిగింది.

ఆ తర్వాత నేను రాసినవి మెల్లగా రాసినవి కావు. ఫౌజు మీద, టోపీల మీద, బోర్డు మీద రాశాను. జ్వరమొచ్చినా రాశాను.

కొన్ని నెలలకు పెద్దలు కొందరు తనిఖీకి వచ్చారు. సూపరింటెండెంటు నన్ను చూపించి, "ఈ పేషెంట్ హాస్యం రాస్తాడు, వినండి" అన్నాడు. వాళ్లలో తెల్ల సూటు వేసుకున్న మనిషిని చూసి, చదవబోయిన కాగితం పక్కన పెట్టాను. మా కెప్టెనే. రాజ్యం మారింది, ఆయన సూటు మారింది, కుర్చీ మాత్రం ఇంకా పెద్దదైంది. నన్ను గుర్తుపట్టలేదు. ముఖం ఎప్పుడైనా చూస్తే కదా.

నేను సలోత్రి కథ చదివాను. జబ్బు సిపాయిలందరూ డాక్టరును వదిలి సలోత్రి ముందు నాలుగు కాళ్ల మీద వరస కట్టడం, బాగా ఓండ్ర పెట్టినవాడికి కంబళి దొరకడం. కెప్టెన్ అందరికంటే పెద్దగా నవ్వాడు. రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"బహుత్ ఖూబ్! ఇంతకీ ఆ గాడిద డాక్టరు ఎవడోయ్?"

"మీరే సాబ్" అన్నాను. "ఆ వరసలో రెండో సిపాయి పేరు జంగయ్య. ఆ చివరి మంచంలో పోయాడు."

 కెప్టెన్ ఒక క్షణం ఆ మంచం వైపు చూశాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. "పేషెంట్ల మొరాల్ బాగుంది" అని సూపరింటెండెంటుతో ఇంగ్లిషులో చెప్పి పక్క వార్డుకు నడిచాడు. అంతే. హాస్యం పెద్దవాళ్లను సిగ్గుపడేలా చేస్తుందని చెప్పేవాళ్లను నేను నమ్మను. ఆయన సిగ్గుపడలేదు. సాయంత్రం నాకు మళ్లీ రక్తం పడింది.

ఏ.పీ. పనిచేయడం మానేసింది. చివరికి స్ట్రెప్టోమైసిన్ వచ్చింది, పాస్ అనే తోడు మందు వచ్చింది. తర్వాత థొరాకోప్లాస్టీ చేసి ఎడమవైపు పక్కటెముకలు కొన్ని తీసేశారు. మత్తు ఆ చోటుకే ఇచ్చారు కాబట్టి ఎముక తెగే చప్పుడు విన్నాను. మల్లమ్మ కొండ కింద ఒక గది కిరాయికి తీసుకుని, కూలికి పోతూ నాకు పాలు, గుడ్లు తెచ్చేది. ఒకరోజు స్పూటమ్ నెగెటివ్ అన్నారు. తర్వాత కూడా నెగెటివే వచ్చింది. డాక్టరమ్మ నా చేయి పట్టుకుని, "ఇక ఇంటికి పో. అక్కడ ఎంతైనా నవ్వుకో" అంది.

ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను. ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది, బరువులెత్తలేను. మల్లమ్మ మందను చూసుకుంటుంది, నేను రాస్తాను. ఒక వారపత్రిక నా ఫౌజు కథలు వేస్తోంది. సంపాదకుడు మొదట్లో, "హాస్యం బాగుంది, కోపం తగ్గించండి" అన్నాడు. రెండూ ఒకే కుండలో వండినవి, విడదీయలేనన్నాను.

పోయిన నెల నారాయణపేట నుంచి ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఒకప్పుడు సిపాయి, ఇప్పుడు మగ్గం నేస్తాడు.

"నీ కథ మా వాడకట్టుల చదువుతుంటే ఇన్న అన్నా. మస్తు నవ్విన. నవ్వుకుంట దగ్గిన. అందరు నవ్వుడు ఆపి నా దిక్కు జూసిండ్రు. ఎన్నాళ్లసంది దగ్గుతున్నవని మా ఇంటామె గప్పుడు అడిగింది."

"పోయినవా మరి దవాఖానకు?"

"పోయిన. మచ్చ చిన్నగనే ఉన్నదట. సూదులు ఇస్తున్నరు. తక్కువైతదన్నరు."

మల్లమ్మ ఆయనకు మజ్జిగ వేరే గ్లాసులో ఇచ్చి, ఎందుకు వేరే ఇచ్చిందో కూడా చెప్పింది. ఆయన తల ఊపి తాగాడు.  జంగయ్య పొట్ట పట్టుకుని నవ్విన నవ్వు ఎక్కడో ఒకచోట ఒక మనిషికి పనికొచ్చింది. నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. దగ్గు పక్షం రోజులు దాటితే దవాఖానకు పోయి స్పూటమ్ పరీక్ష అడగండి. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టకుండా ఏమీ లేదని చెప్పిన మనిషి మాట, అతని భుజాన ఎన్ని నక్షత్రాలున్నా, వినకండి. లైన్ ఆగితే ఆగనివ్వండి. కూర్చున్న చోటు నుంచి లేవకండి.